డివిజను వారి మైల

లాథమ్ దొరకి తద్దినం పెట్టాలన్న ఆలోచన తాతబ్బాయిది. కొన్నాళ్ళు చాలామంది అది తమదని చెప్పుకున్నారు. ఆ తర్వాత అందరూ తమది కాదని చెప్పుకున్నారు. మొదట నోరు జారినవాడు మాత్రం మట్టపర్తి తాతబ్బాయే.

ఊరి పేరే లాథమ్ లాకులు. విక్టోరియా రాణి రోజుల్లో, మీసం సరిగా రాని వయసులో సీమ నుంచి ఓడెక్కి వచ్చిన ఇంజనీరు లాథమ్. రెల్లు తప్ప ఏమీ మొలవని ఈ నేల మీద గుర్రమెక్కి తిరిగాడు. గుర్రం దిగబడిన చోట నడిచాడు. చలిజ్వరంతో వణుకుతూ మట్టాలు కొలిచి, కాలువ తవ్వించి, కాలువకి తలుపులు పెట్టించాడు. తలుపులెత్తితే దిగువ ఊళ్ళకి నీళ్ళు, దించితే లేవు. అంతవరకు గంజికి వెతుక్కున్న జనం ఆ తర్వాత అన్నం తిన్నారు. తిన్నవాళ్ళు ఆ సంగతి మరచిపోలేదు. తమ పెద్దలకి తర్పణాలు వదిలేటప్పుడు చివర్న దొర పేరు చెప్పి మరో దోసెడు వదలడం అలవాటు చేసుకున్నారు. దొర మతమేమిటో గోత్రమేమిటో ఎవరూ అడగలేదు. నీళ్ళిచ్చిన వాడికి నీళ్ళు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆ ఏడు నీటిపారుదల శాఖ వారు లాకుల దగ్గర దొర వర్ధంతి సభ పెట్టారు. తాతబ్బాయి నీటి సంఘం అధ్యక్షుడు కాబట్టి ఆయన్నీ మైకు దగ్గరికి పిలిచారు. తాతబ్బాయికి మైకంటే మోజు. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. భార్య మంగాయమ్మ ఉన్న రోజుల్లో ఆయన మాటల్లో సగానికి ఇంట్లోనే తగిన జవాబు దొరికేది, ఆ సగం వీధిలోకి వచ్చేది కాదు. ఆమె పోయాక మొత్తం వీధిలోకే వస్తోంది.

"నేను పెద్ద చదువుకున్నోణ్ణి కాదండి. మా ఊరి బళ్ళో అయిదు దాకా చదివేను," అని మొదలుపెట్టాడు. ఇలా మొదలుపెడితే జనం చప్పట్లు కొడతారని ఆయనకి తెలుసు. కొట్టారు. "దొరగారికి మేం ఏటా నీళ్ళొదులుతాం. ఆయన మాకేం జీతం ఇవ్వలేదండి. మీకిచ్చేడు. ఆయన తవ్విన కాలువ మీద, ఆయన కట్టిన బంగళాలో, ఆయన కూచున్న కుర్చీలో కూచుని మీరు జీతాలు తీసుకుంటన్నారు. కుర్చీ ఎవరు అనుభవిత్తే ఆడే కదండీ వారసుడు. ఒక్క తద్దినం పెట్టేరా ఆయనకి?"

జనం పడీపడీ నవ్వారు. తాతబ్బాయి పొంగిపోయి కూర్చున్నాడు. వేదిక మీద ఒక్కరు మాత్రం నవ్వలేదు. ఆయన కొత్తగా వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కోదండపాణి. ఆయన ఆ మాట రాసుకున్నాడు.

పైఆఫీసు నుంచి అనుమతి రావడానికి ఏడాది పట్టలేదు. కాలువలో పూడిక తీతకి తొమ్మిదేళ్ళుగా రాని అనుమతి, తద్దినానికి మూడు నెలల్లో వచ్చింది. దాంట్లో ఇలా ఉంది: "దివంగత లాథమ్ గారు నిర్వహించిన చార్జి, ఎచ్చటను తెగిపోకుండ, ఒకరి నుండి యొకరికి అప్పగింతల ద్వారా సంక్రమించి ప్రస్తుత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వరకు వచ్చియున్నందున, సదరు పదవీ పరంపరను వంశ పరంపరగా పరిగణించి, తగు కర్మకాండను శాఖాపరముగా జరిపించవలయును."

తక్కువ కొటేషన్ వేసిన పురోహితుడు సోమయాజులు. దర్భలు పరిచి గోత్రమేమిటని అడిగాడు.

"ఇరిగేషన్," అన్నాడు హెడ్డు గుమాస్తా పేర్రాజు.

"ఋషులు?"

"చీఫ్ ఇంజనీరు, సూపరింటెండింగ్ ఇంజనీరు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ముగ్గురండి."

సోమయాజులు కళ్ళు మూసుకుని ఆ ముగ్గురినీ ప్రవరలో కలిపేశాడు. కోదండపాణి పంచె కట్టుకుని, పైన శాఖ బ్యాడ్జీ పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. దొరతో పాటు మధ్య తరాలకి కూడా పిండాలు పెట్టాలి కాబట్టి, ఇదివరకు ఆ కుర్చీలో పనిచేసిన వాళ్ళ పేర్లు పేర్రాజు చదువుతున్నాడు. "గంటి జోగారావు" అని చదివేసరికి ముందు వరసలో కర్ర పట్టుకుని కూర్చున్న ముసలాయన తలెత్తాడు.

"నేను బతికే ఉన్నానయ్యా," అన్నాడు జోగారావు.

"రికార్డు ప్రకారం తమరు చార్జి వదిలేశారు కదండీ," అన్నాడు పేర్రాజు మర్యాదగా. పిండం పెట్టేశారు. జోగారావు గారు గారె, అరిసె, పరమాన్నం తిని, తన తద్దినం భోజనం బాగుందని చెప్పి ఇంటికి వెళ్ళాడు.

తాతబ్బాయి ఇదంతా చూసి ఊళ్ళో అందరికీ చెప్పుకుని నవ్వాడు. తన ఒక్క మాటతో ఎంత ఆట ఆడించాడో అనుకున్నాడు. ఆ నవ్వు వరి వెన్ను కట్టి పొట్ట మీదికి వచ్చేదాకా ఉంది.

సార్వా వరి, వానాకాలం పంట. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువ నీళ్ళే దిక్కు. చేలు పొట్ట మీద ఉండగా కాకినాడలో ఒక రిటైర్డ్ ఇంజనీరు నిద్రలో పోయాడు. ఎప్పుడో ఈ డివిజన్లో పనిచేసిన ఆయన. ఆ కబురు అందిన గంటకి లాకుల తలుపులు దిగిపోయాయి.

తాతబ్బాయి పరుగున ఆఫీసుకి వెళ్ళాడు. గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. లోపల కోదండపాణి గడ్డం గీసుకోకుండా కూర్చుని ఉన్నాడు.

"చేలు పొట్ట మీదున్నాయండి. ఇప్పుడు తలుపులు దించేత్తే ఎలాగండి?"

"మా ఇంట్లో చావు జరిగింది తాతబ్బాయి గారూ," అన్నాడు కోదండపాణి నొచ్చుకుంటూ. "మీరు వచ్చి నీళ్ళ గురించి మాట్లాడుతున్నారు."

"పోయినాయన తమరికేవవుతారండి?"

"సీనియారిటీ ప్రకారం పెదతండ్రి."

తాతబ్బాయి పేర్రాజు వైపు తిరిగాడు. పేర్రాజు ఆయనకి నెమ్మదిగా వివరించాడు. వంశం అని పైవాళ్ళే ఒప్పుకున్నారు. వంశం ఉన్నాక జ్ఞాతులు ఉంటారు. జ్ఞాతి పోతే మైల ఉంటుంది. మైల పదిరోజులు. మైలలో శుభకార్యం కూడదు. నీళ్ళు వదలడం శుభమా, అశుభమా అని డివిజన్లో ఆ గంటసేపూ చర్చించారు. ప్రతి ఏటా నీళ్ళు వదిలేటప్పుడు కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా వేసి, చీర సమర్పించి ఫోటోలు దిగుతున్నారు. కాబట్టి శుభమే.

"దించడం అశుభం కాబట్టి దించొచ్చు," అన్నాడు పేర్రాజు. "ఎత్తడమే కూడదు."

"పూడిక తీత?"

"ఏడాది సూతకం. ఏడాది దాకా కొత్త పనులేవీ మొదలెట్టకూడదండి."

ఆ మాట అంటున్నప్పుడు పేర్రాజు మొహంలో తాతబ్బాయికి ఒక ప్రశాంతత కనిపించింది. ఇన్నాళ్ళూ పని చెయ్యకపోవడానికి వాళ్ళకి కారణాలు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు శాస్త్రమే దొరికింది.

"అసలిదంతా మీ చలవే," అన్నాడు కోదండపాణి లేచి నిలబడి. "వారసులం అని మాకు గుర్తు చేసింది మీరు. ఈ శాఖ మీకు రుణపడి ఉంటుంది."

బయటికి వచ్చాక తాతబ్బాయి ఎవరినైనా తిట్టాలని చూశాడు. గుమ్మం దగ్గర తన చెప్పులు తప్ప ఎవరూ లేరు. వాటినే కాసేపు తిట్టి తొడుక్కున్నాడు.

మైల తీరి తలుపులెత్తారు. నీళ్ళు ఎగువ ఊళ్ళ చేలు తడిపి, కాలువ చివరి శివారుకి రాబోతుండగా రాజమండ్రిలో ఇంకొకాయన జారిపడి పోయాడు. తలుపులు దిగాయి. శివారులో ఉన్న తాతబ్బాయి చేను నెర్రెలిచ్చింది. ఎకరం కాదు, రెండు కాదు, ఉన్న భూమంతా అదే. వెన్ను బయటికొచ్చింది, గింజ ఇంకా పాలు పోసుకోలేదు. ఇప్పుడు ఒక్క తడి అందితే పంట. అందకపోతే పశువుల మేత. ఆయనకి పశువులు కూడా లేవు.

నీటి సంఘం సమావేశం అయింది. అందరూ తాతబ్బాయి వైపు చూశారు. ఆ చూపులో గౌరవం లేదు.

"మాట్టాడు బాబాయ్," అన్నాడు పక్కచేను రైతు అబ్బులు. "నువ్వు మాట్టాడితే ఏదో ఒకటి జరుగుద్ది."

"ఒరేయ్, ఎటకారాలు తరవాత," అన్నాడు తాతబ్బాయి. "ఇంకా ఎంతమంది బతికున్నారు?"

ఆ ప్రశ్న అక్కడ ఎవరికీ తప్పుగా తోచలేదు. డివిజన్లో పనిచేసి రిటైరైనవాళ్ళు చుట్టుపక్కల ఇంకా ఓ ఇరవై మంది దాకా ఉన్నారని తేలింది. వాళ్ళు పంట గట్టెక్కే దాకా పోకూడదు. రైతుకొకరు చొప్పున పంచుకున్నారు.

మర్నాటి నుంచి ఆ కాలువ కింద వ్యవసాయం తీరు మారిపోయింది. రైతులు చేలగట్ల మీద కాకుండా పెన్షనర్ల అరుగుల మీద కనిపించసాగారు. ఒకడు కొబ్బరిబోండాలు మోసుకెళ్ళాడు. ఒకడు చెవులకి మఫ్లరు కట్టాడు. సంతకం కోసం ఒకప్పుడు తమని ఎండలో నిలబెట్టిన మనుషుల్ని నీడలో నడిపించుకుంటూ వెళ్ళి ఆసుపత్రిలో చూపించారు. పెన్షనర్లు మొదట అనుమానించారు, రెండోరోజుకి అలవాటు పడ్డారు, మూడోరోజు నుంచి ఆలస్యమైతే కోప్పడ్డారు. ఒకాయన పులస పులుసు పెట్టకపోతే తన గుండె సంగతి తనకి తెలియదన్నాడు. అబ్బులు వాటాకి వచ్చినాయన సిగరెట్లు మానడు. అబ్బులు రోజంతా ఆయన వెనకే తిరిగి, అగ్గిపెట్టె దొరికినప్పుడల్లా నూతిలో పడేశాడు.

తాతబ్బాయికి గంటి జోగారావు గారిని అప్పగించారు. అందరిలోకీ పెద్దవాడు, అందరికన్నా జబ్బుమనిషి, నోరు మంచిది కాదు. పెళ్ళి చేసుకోలేదు. లాకుల పక్కనే చిన్న డాబాలో ఒక్కడే ఉంటాడు.

"నువ్వేనా నాకు పిండం పెట్టించిన పెద్దమనిషివి?" అన్నాడు జోగారావు మంచం మీద నుంచే.

"ఆయ్. నేనేనండి."

"ఇప్పుడేమో బతికించడానికి వచ్చావు. ఒక్కమాట మీద ఉండవేమయ్యా?"

తాతబ్బాయి పొయ్యి వెలిగించి జావ కాచాడు. గోరువెచ్చన చేసి, వీపు కింద చెయ్యివేసి లేపి, చెంచాతో పోశాడు. మనిషిని నొప్పి తెలియకుండా ఎలా లేపాలో, దిండు ఎంత ఎత్తు పెడితే ఆయాసం తగ్గుతుందో ఆయనకి తెలుసు. ఆ విద్య మంగాయమ్మ మంచం పక్కన నేర్చుకున్నాడు. అప్పుడు దాని వల్ల ఏమీ ఒరగలేదు. అయినా చేతులు మరచిపోలేదు.

జోగారావు జావ తాగి, ఉప్పు తక్కువైందన్నాడు. రెండోరోజు ఎక్కువైందన్నాడు. మూడోరోజు ఏమీ అనకపోయేసరికి తాతబ్బాయి భయపడి డాక్టరుని పిలుచుకొచ్చాడు.

"ఊపిరితిత్తుల్లో నీరుంది," అన్నాడు డాక్టరు.

"నీళ్ళు ఆఖరికి ఈయనకి అందాయన్నమాట," అన్నాడు తాతబ్బాయి. జోగారావు నవ్వబోయి దగ్గాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ కుదిరింది.

సాయంత్రాలు జోగారావు దొర కబుర్లు చెప్పేవాడు. సభల్లో చెప్పేవి కావు. ఉద్యోగంలో ఉండగా మద్రాసు వెళ్ళి దొర రాసిన పాత కాగితాలన్నీ చదివినాయన.

"దేవుడేం కాదయ్యా. ముక్కోపి. కూలీల మీద అరిచేవాడు, పైవాళ్ళ మీదా అరిచేవాడు. మొదట కట్టిన లాకు వరదకి కొట్టుకుపోయింది తెలుసా? ఇసక మీద పునాది వేశాడు. పైకి ఏమని రాశాడో తెలుసా? 'లోపం నాదే' అని రాశాడు. మళ్ళీ గట్టినేల తగిలేదాకా నూతులు దింపి, వాటి మీద పునాది లేపాడు. అదే ఇప్పుడున్నది."

"'లోపం నాదే' అని మళ్ళీ ఎవరన్నా రాసేరాండి?"

"ఈ శాఖలో అదే మొదలు, అదే ఆఖరు," అన్నాడు జోగారావు. కాసేపు ఆయాసపడి, "నేను కూడా రాయలేదులే" అన్నాడు. ఆ తర్వాత కిటికీలోంచి దించి ఉన్న తలుపుల వైపు చూపించాడు. "ఆయన భార్య ఇక్కడే జ్వరంతో పోయింది. ఆ పూట కూడా తలుపులు ఎత్తించాడు. చేలు ఎండుతున్నాయని. శవం బంగళాలో ఉంది, ఈయన వంతెన మీద నిలబడ్డాడు. తోటి దొరలు గుండె లేని వాడన్నారు."

తాతబ్బాయి లేచి లైటు వేసి వచ్చి కూర్చున్నాడు.

"మా ఆవిడ పోయిన వారం మా వంతు నీళ్ళొచ్చేయండి," అన్నాడు. "నేను చేలోకి ఎళ్ళలేదు."

"మరి పంట?"

"అదీ పోయిందండి."

జోగారావు ఓదార్చలేదు. దిండు కొంచెం పైకి జరపమన్నాడు.

రెండో మైల తీరే రోజు దగ్గర పడింది. జోగారావుకి ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి తీసుకెళ్తామంటే వద్దన్నాడు. కోదండపాణి రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి ఆరోగ్యం కనుక్కుని, ఆఫీసు బోర్డు మీద రాయించేవాడు. డివిజన్లో ఇప్పుడు నీటిమట్టం బోర్డు తీసేసి, పెన్షనర్ల రక్తపోటు బోర్డు పెట్టారు.

"ఎప్పుడెత్తుతారు?" అని అడిగాడు జోగారావు.

"రేపు పొద్దున్నండి."

"శివారుకి నీళ్ళు?"

"చీకటి పడకముందే అందాలండి."

"అయితే రేపంతా నాకు డ్యూటీ ఉందన్నమాట." కళ్ళు మూసుకునే మళ్ళీ అన్నాడు. "మనిషి పోతే ఆ సంగతి ఎంతసేపట్లో రిపోర్టు చెయ్యాలో మా కోడు పుస్తకంలో ఎక్కడా లేదు. మొత్తం చదివాను."

తాతబ్బాయి ఆ మాట విననట్టే మాత్రలు తీసి చేతిలో పెట్టాడు.

పొద్దున్న కొబ్బరికాయ కొట్టి తలుపులెత్తారు. నీళ్ళ చప్పుడు జోగారావు మంచం దాకా వినిపించింది. ఎన్ని అడుగులు ఎత్తారో ఆ చప్పుడుని బట్టి చెప్పి, ఇంకో అడుగు ఎత్తొచ్చు పిరికివెధవలు అన్నాడు. రెండు చెంచాల జావ తాగాడు. మధ్యాహ్నం తాతబ్బాయి గిన్నె కడిగి లోపలికి వచ్చేసరికి ఆయాసం ఆగిపోయి ఉంది.

తాతబ్బాయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తెలిసిన విషయమే. ఇదివరకు ఒకసారి ఇలాగే చూశాడు. రెప్పలు మూసి, మఫ్లరు గడ్డం కిందినుంచి కట్టి, దుప్పటి మెడ దాకా కప్పాడు. కిటికీ రెక్క ఒకటి దగ్గరగా వేసి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని విసనకర్రతో విసరసాగాడు. ఫోను ముందు పెట్టుకున్నాడు. నీళ్ళు శివారుకి అందగానే ఫోను చెయ్యమని అబ్బులుకి చెప్పి ఉంచాడు.

అబ్బులు కన్నా ముందు కోదండపాణి జీపు వచ్చింది. ఆయన అలవాటుగా గుమ్మంలో ఆగాడు. వెనక పేర్రాజు.

"ఎలా ఉన్నారు?"

తాతబ్బాయి విసరడం ఆపలేదు. "నిన్నటి కంటే నెమ్మదిగా ఉన్నారండి."

"ఆయాసం?"

"పూర్తిగా తగ్గిందండి."

"దగ్గు?"

"మజ్జాన్నం నుంచి ఒక్కసారి కూడా దగ్గలేదండి."

"భోజనం?"

"మానేసేరండి."

"ఆ వయసులో మితాహారమే మంచిది," అన్నాడు కోదండపాణి. "మాటా మంతీ?"

"మనమే మాటాడాలండి. ఆయనేం అనట్లేదు."

"జోగారావు గారు ఏమీ అనడం లేదా," అని కోదండపాణి ఆశ్చర్యపోయి, తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ముసలాయన రోజూ తనని ఏమని పిలుస్తాడో పేర్రాజు ముందు వినాల్సి వచ్చేది. "స్వభావంలో కూడా మెరుగుదల ఉంది. పేర్రాజు గారూ, 'పరిస్థితి నిలకడగా ఉన్నది, మార్పు ఉండబోదు' అని వేయించండి."

"చిత్తం," అని పేర్రాజు రాసుకున్నాడు.

గడప దాటి లోపలికి రాకుండానే కోదండపాణి అక్కడి నుంచే నమస్కారం పెట్టాడు. "చూశారా, ఒక వంశం అనుకున్నాక ఎంత తేడా వచ్చిందో. ఇదివరకు ఈయన్ని పలకరించేవాడు లేడు," అన్నాడు.

"నిజవేనండి," అన్నాడు తాతబ్బాయి. అంతవరకు చెప్పిన వాటన్నిటి కంటే ఆ మాట అనడమే ఆయనకి కష్టమైంది. ఎందుకంటే అది కూడా నిజమే.

జీపు వెళ్ళిపోయింది. ఈగ ఒకటి వచ్చింది. తాతబ్బాయి దాన్ని తోలుతూ కూర్చున్నాడు. కాలువ చప్పుడు తగ్గలేదు. ఆ చప్పుడులో మంచం మీద మనిషిని తిట్టాడు, రాత్రి దాకా ఆగలేకపోయావా అని. తన నోటిని తిట్టాడు, మైకుని తిట్టాడు. మంగాయమ్మని కూడా తిట్టాడు, ముందు వెళ్ళినందుకు. విసనకర్ర మాత్రం ఆపలేదు.

ఎండ వాలుతుండగా ఫోను మోగింది.

"బాబాయ్, బోదె కాలవ నిండి నీళ్ళు నీ చేలో పడ్డాయి," అన్నాడు అబ్బులు. అటువైపు నీళ్ళలో కాళ్ళు ఆడిస్తున్న చప్పుడు. "గట్టు ఎక్కేదాకా పెట్టమంటావా?"

"ఎక్కనీ."

"నీ గొంతేంటి అలాగుంది?"

"నీ చేలోకి కూడా తిప్పుకో. తొరగా తిప్పుకో. తిప్పేక నాకు చెప్పు."

అబ్బులు రెండోసారి ఫోను చేశాక తాతబ్బాయి ఫోను కింద పెట్టి, విసనకర్ర పక్కన పెట్టాడు. చెయ్యి భుజం దాకా లాగేస్తోంది. అప్పుడు కోదండపాణికి ఫోను చేశాడు.

"సారు పోయేరండి."

"ఎప్పుడు?"

"నీళ్ళు శివారుకి అందేయండి. అంతేనండి."

"పని పూర్తయ్యాక," అన్నాడు కోదండపాణి. "అటువంటి డ్యూటీ మైండెడ్ మనుషులు ఇక రారు తాతబ్బాయి గారూ. నాకు సాక్షాత్తు తాతగారు. ఇప్పుడే తలుపులు దించేయమంటాను."

"దించుకోండి," అన్నాడు తాతబ్బాయి.

శాఖ వారు దండలతో వచ్చేలోపు ఆయన వీధిలోకి వచ్చాడు. ఆయనది ఇరిగేషన్ గోత్రం కాదు. ఏ ఉత్తర్వు ప్రకారమూ ఆయనకి మైల లేదు. అయినా చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, తలస్నానానికి కాలువలో దిగాడు. తలుపులు అప్పటికే దించేశారు. నీళ్ళు మోకాళ్ళ కిందికి జారిపోయాయి. తల మునగాలంటే బురదలో కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నాడు.